వరద గోదావరికి నీలం వద్దు

రాజమండ్రి దగ్గర వరద గోదావరిని వాటర్‌కలర్‌లో వేసేవాళ్లు చాలామంది అలవాటుగా నీలం తీస్తారు. ఆగస్టులో ఆ నీళ్లది మట్టిరంగు. ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) మూడు పాళ్లు, బర్న్‌ట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు) ఒక పాలు, చిటికెడు అల్ట్రామెరైన్ అనే నీలం చాలు; నీలం ఎక్కువైతే రంగు చచ్చిపోతుంది.

300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితాన్ని బోర్డుకు టేపుతో అంటించి, పైవైపు రెండంగుళాలు ఎత్తండి. వెడల్పు కుంచెతో ఆవలి ఒడ్డు నుంచి పలచగా మొదలుపెట్టి, మనవైపుకి చిక్కబరుస్తూ ఆపకుండా దించండి. తడి మెరుపు పోయి కాగితం ఇంకా చల్లగా ఉందంటే, దయచేసి ముట్టుకోవద్దు. కుంచెలోని నీరు ఆరుతున్న రంగును పక్కకు నెట్టి, కాలీఫ్లవర్ లాంటి మరక చేస్తుంది. దాన్ని పూర్తిగా తీయడం కష్టం.

గోదావరి మీది పాత రైలు వంతెన హావ్‌లాక్ స్తంభాల నీడలు, కాగితం బాగా ఆరాకే వేయండి. బురదనీటిలో అవి స్పష్టంగా కనిపించవు, అదే మట్టిరంగు కాస్త ముదురుగా, పొడికుంచెతో అంచులు చెదిరేలా వేస్తే సరిపోతుంది.