పాత నక్షత్ర పటం నిజంగా తిరగబడిందా? తేల్చుకోవడం ఎలా

1515 నాటి జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఖగోళ పటాలో, 1690లో వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త హెవీలియస్ నక్షత్ర అట్లాసో నెట్‌లో కనబడగానే కొందరికి చెయ్యి ఊరుకోదు. ‘అద్దంలో చూసినట్టు తిరగబడింది’ అంటూ ఫోటోను కుడి ఎడమలు మార్చి మళ్లీ పంచుతారు. పటంలో ఏ తప్పూ లేదు. తిప్పాక మాత్రం లాటిన్ అక్షరాలన్నీ అద్దంలో చూసిన రాతలా తయారవుతాయి, దాన్నీ ఎవరూ పట్టించుకోరు.

కావలసినవి: పది రెట్లు చూపే భూతద్దం, ఒక టార్చి. ఫోటోతో పని చేస్తుంటే, అక్షరాలు చదవగలిగేంత పెద్ద ఫైలు.

1. బొమ్మను చెక్క దిమ్మె మీద చెక్కి అచ్చువేశారా (చెక్క అచ్చు), రాగి రేకు మీద చెక్కి వేశారా (రాగి అచ్చు) చూడండి. టార్చిని కాగితానికి పక్కగా, ఏటవాలుగా పట్టండి. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన గాడి కనిపిస్తే రాగి అచ్చు. అంచులు కత్తిరించిన ప్రతిలో గాడి ఉండదు. అప్పుడు గీత కొసలు చూడండి: రాగిలో సూదిమొనలా సన్నబడతాయి, చెక్కలో మొద్దుగా ఆగిపోతాయి. వేలితో తడిమి చూడకండి. రాగి అచ్చు కాగితాన్ని తడిపి అద్దుతారు, ఆరాక అది కొంచెం కుంచించుకుపోతుంది. కాబట్టి రెండు ప్రతుల కొలతల్లో కొద్ది మిల్లీమీటర్ల తేడా ఉంటే నకిలీ అనుకోవద్దు.

2. కింది అంచు చదవండి. పేరు పక్కన ‘డెలినియావిట్’ ఉంటే గీసినవాడు, ‘స్కల్ప్‌సిట్’ ఉంటే చెక్కినవాడు, ‘ఎక్స్‌కుడిట్’ ఉంటే ప్రచురించినవాడు.

3. దిక్కు తేల్చండి. అందరూ తప్పేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

చాలామంది అక్షరాలు చూసి ‘సరిగ్గానే ఉన్నాయి, అంటే పటం తిరగబడలేదు’ అని తేల్చేస్తారు. ఈ పరీక్ష ఫోటోను ఎవరైనా తిప్పారా లేదా అన్నది చెబుతుంది, అంతవరకే. రేకు మీద ఉన్నది కాగితం మీద ఎదురుగా పడుతుంది కాబట్టి, అక్షరాలు తిరగేసి చెక్కడం ఆ పనివాళ్లకు రోజువారీ పనే. ఒకడి అచ్చును మరొకడు రేకు మీద ఉన్నదున్నట్టు దించితే బొమ్మ తిరగబడుతుంది, అక్షరాలు మాత్రం దిద్దుకుంటాడు. అక్షరాలను నమ్మకండి, నక్షత్రాలను నమ్మండి.

మనకో సుళువుంది. కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అని చిన్నప్పుడు వల్లెవేసిన వరుస పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. ఉత్తరం పైనున్న పటంలో ఈ నాలుగూ కుడి నుంచి ఎడమకు వస్తే, అది నేల మీద నిలబడి చూసిన ఆకాశం. ఎడమ నుంచి కుడికి వస్తే, ఖగోళాన్ని ఒక గోళంగా చేసి బయటి నుంచి చూసిన దృశ్యం. హెవీలియస్ అట్లాసు ఈ రెండో రకం. ఇది లోపం కాదు, కావాలని చేసిందే. ఈ ఒక్క పరీక్ష ముందు అద్దం పెట్టి చూసే పద్ధతులన్నీ దండగ.

ఇంతటితో ఆగిపోతే సగం పనే అయినట్టు. ఇప్పుడు వేటగాడి ఆకారంలో గీసే ఓరియన్ నక్షత్ర మండలం బొమ్మను చూడండి. ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలమీ లెక్కలో ఆర్ద్ర (బీటెల్‌జూస్) అతని కుడి భుజం, రైజెల్ అనే నక్షత్రం ఎడమ పాదం. నేల నుంచి చూసిన పటంలో అతను మనవైపు తిరిగి ఉంటేనే ఆర్ద్ర కుడి భుజాన పడుతుంది. గోళం పటంలో అయితే వీపు చూపించాలి. డ్యూరర్ బొమ్మలు వీపు చూపించేది అందుకే. ఈ జత కుదరకపోతే చిత్రకారుడో, కాపీ చేసినవాడో తికమకపడ్డాడని అర్థం. బేయర్ నక్షత్ర అట్లాసు ‘యురానోమెట్రియా’ (1603) చూడండి: ఆకాశం నేల నుంచి చూసినదే, కానీ అనేక బొమ్మలు వీపు తిప్పి ఉంటాయి. కుడి భుజం ఎడమ భుజమైపోయిందని ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ మండిపడ్డది దీని మీదే. అలాంటి పటాన్ని అడ్డంగా తిప్పితే బొమ్మ కుదురుతుంది, ఆకాశం చెడుతుంది.

4. గుండ్రటి పటమైతే పై, కింద అన్నవి ఉండవు. రాశుల వరుస పట్టుకోండి. ఉత్తరార్ధ గోళ పటంలో మేషం, వృషభం, మిథునం గడియారం ముల్లు తిరిగే వైపు సాగితే నేల దృశ్యం, ఎదురు తిరిగితే గోళ దృశ్యం. దక్షిణార్ధంలో సరిగ్గా దీనికి విరుద్ధం. జంటగా వచ్చే పటాల్లో రెండోదాన్ని తప్పుగా చదివేది ఈ మెలిక దగ్గరే, కాబట్టి ఏ అర్ధమో ముందు శీర్షికలో చూసుకోండి.

ఫలితం రాసుకునేటప్పుడు ‘తిరగబడింది’ అని రాయకండి. ‘గోళ దృశ్యం, వీపు బొమ్మలు’ అనో, ‘నేల దృశ్యం, ముఖం బొమ్మలు’ అనో రాయండి. ఫోటోను తిప్పాల్సింది అక్షరాలు కూడా ఎదురుగా పడినప్పుడే.