మిల్లులో వేలు పోతే పరిహారం ఎలా అడగాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక బియ్యం మిల్లులో బెల్టుకూ చక్రానికీ మధ్య నలిగి మా తమ్ముడి చూపుడు వేలు మొదలంటా పోయింది. కట్టులోంచి ఇంకా రక్తం ఊరుతుండగానే యజమాని ఐదు వేల రూపాయలు ఇచ్చి, రెండో చేతి బొటనవేలిని ఇంకు ప్యాడు దగ్గరకు లాగాడు. తెల్లకాగితం మీద ఎవరూ వేలిముద్ర వేయకండి. హక్కు వదులుకున్నట్టు రాసిచ్చినా చట్టం ముందు చెల్లదు, కానీ ఆ కాగితం చూపించి ఏళ్ల తరబడి తిప్పుతారు.

ఆసుపత్రి చీటీలో ‘మిల్లులో పనిచేస్తుండగా’ అని రాయించండి. యజమానికి వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయండి. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవారు ఈఎస్ఐ కార్యాలయానికే వెళ్లాలి. మిగతావారు కార్మిక శాఖలో పరిహారం తేల్చే అధికారికి దరఖాస్తు పెట్టాలి.

సరిహద్దు వాళ్లకు ముఖ్యమైన సంగతి: ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు నివసించే చోట కూడా దరఖాస్తు పెట్టవచ్చు. తమ్ముడు పాతపట్నం నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు కాబట్టి శ్రీకాకుళం జిల్లాలోనే పెట్టాం. ఒడియా చదవలేని మా అమ్మకు అదెంత ఊరటో! ప్రమాదం జరిగాక రెండేళ్లు మాత్రం దాటనివ్వకండి.

నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో, తర్వాత నష్టశాతంతో (ఆ గాయం వల్ల సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చెప్పే శాతం) హెచ్చించాలి. ముప్పై ఏళ్లకు గుణకం 207.98, చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం. జీతం 10,000 అయితే సుమారు రూ.1,74,703 వస్తుంది. వైద్య ఖర్చులు దీనికి అదనం. నెల దాటినా చెల్లించకపోతే ఏటా 12 శాతం వడ్డీ కూడా దరఖాస్తులోనే అడగండి.