సిట్రేట్ పద్ధతిలో బంగారు నానోకణాల తయారీ

ఈ పని ఎక్కువగా చెడేది గాజుసామాను దగ్గరే. ఫ్లాస్కునూ, ద్రావణాన్ని కలియతిప్పే మాగ్నెటిక్ బార్‌నూ ఆక్వా రీజియాతో (మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక వంతు నత్రికామ్లం) కడిగి, డీఅయనైజ్డ్ నీటితో బాగా తొలవండి. ఆక్వా రీజియాను ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగే పెట్టె) కలపాలి. మూత బిగించి దాచారా, వాయువు పెరిగి సీసా పగులుతుంది.

1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారు లవణం) ద్రావణం 20 మి.లీ. తీసుకుని, కలియతిప్పుతూ మరిగించండి. ఆ లవణాన్ని తూచేటప్పుడు స్టీలు స్పాచులా వద్దు, లోహాన్ని తినేస్తుంది. ద్రావణం తెర్లుతుండగా 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 2 మి.లీ. ఒక్కసారిగా పోయండి. చుక్కచుక్కగా పోస్తే కణాలు ఒకే సైజులో రావు. పసుపు రంగు పోయి, ముదురు నీలం మీదుగా, సుమారు 10 నిమిషాల్లో చిక్కటి ఎరుపు తేలుతుంది. కణాలు దాదాపు 13 నానోమీటర్లుంటాయి. శోషణ శిఖరం (కాంతిని అత్యధికంగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం) 520 నానోమీటర్ల దగ్గర కనిపించాలి. సిట్రేట్ తగ్గిస్తే కణాలు పెద్దవవుతాయి.

ఎరుపు తర్వాత మళ్లీ నీలంలోకి తిరిగితే కణాలు గుమిగూడినట్టే, మరిగించినా బాగుపడవు. వాటిని విడిగా ఉంచేది సిట్రేట్ రుణావేశం. ఆ ఆవేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి వికర్షిస్తాయి. ఉప్పున్న బఫర్ (pH నిలకడగా ఉంచే ద్రావణం) ఆ వికర్షణను అణచేస్తుంది. అందుకే బఫర్‌లో కలిపేముందే థయాల్-పెగ్ (బంగారానికి గంధకంతో అతుక్కునే పాలిఇథిలీన్ గ్లైకాల్) పూత వేయండి.

808 నానోమీటర్ల లేజర్‌తో కేన్సర్ కణాలను వేడిచేయాలంటే మాత్రం ఈ గోళాకార కణాలను నమ్ముకోకండి, ఆ తరంగదైర్ఘ్యం దగ్గర వీటి శోషణ అత్యల్పం. నానోరాడ్లు (కడ్డీ ఆకారపు బంగారు కణాలు) కావాలి. వాటి తయారీలో వాడే సీటాబ్ (CTAB, సబ్బులాంటి రసాయనం) జీవకణాలకు విషం కాబట్టి, నానోరాడ్లను సెంట్రిఫ్యూజ్‌లో కడిగి, దాని స్థానంలో పెగ్ ఎక్కించాకే కల్చర్‌లో (పెంచుతున్న జీవకణాల్లో) కలపాలి.