అంటార్కిటికా ఓడ ఎక్కబోయే నెల్లూరు, ఒంగోలు వాళ్లకు

అంటార్కిటికాకు టూరిస్టు ఓడలు తిరిగేది నవంబరు నుంచి మార్చి దాకా. అక్కడ అది వేసవి. మనకేమో ఆ సీజను మొదలయ్యే రోజులే తుపాను రోజులు. అందుకే ఈ ప్రయాణంలో మొదటి గండం మంచులో కాదు, ఇంటికీ చెన్నై విమానాశ్రయానికీ మధ్యనే ఉంది. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి విజయవాడ-చెన్నై రైళ్లు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయాన్నే మూసేశారు. ఒంగోలు, కావలి వాళ్లు రాత్రి రైలెక్కి పొద్దున్నే చెన్నైలో దిగే అలవాటును ఈసారికి పక్కన పెట్టి, రెండు రోజుల ముందే చేరుకోండి.

అటు కొసన కూడా ఇదే జాగ్రత్త. ఎక్కువ ఓడలు అర్జెంటీనా దక్షిణపు చివరన ఉన్న ఉషువాయా నుంచి బయల్దేరతాయి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో విదేశీ విమానాలు ఎక్కువగా దిగేది ఎజైజా విమానాశ్రయంలో. ఉషువాయా విమానం చాలాసార్లు ఊళ్లో ఉన్న ఏరోపార్కేలో ఎక్కాలి. అక్కడి దేశీయ విమానాల్లో సామాను బరువు పరిమితి కూడా తక్కువే. మందులు, ఒక జత వెచ్చని బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. పెట్టె వెనకబడితే ఓడ దాని కోసం ఆగదు.

చాలామంది చివరి నిమిషందాకా పట్టించుకోనిది ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే జ్వరం) టీకా. అర్జెంటీనా, బ్రెజిల్ రెండూ మన ప్రభుత్వం రాసుకున్న ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉన్నాయి. ఆ దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు టీకా సర్టిఫికెట్ చూపించలేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వెయ్యరు, అనుమతి ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా ముందు డాక్టరుతో మాట్లాడాలి. పిల్లలు అమెరికా నుంచి టికెట్లు కొని అమ్మానాన్నలను రమ్మంటున్న ఇళ్లలో ఈ మాట డబ్బు కట్టకముందే అడిగి తేల్చుకోవాలి. వీసాల సంగతి కూడా అప్పుడే. అర్జెంటీనాకే కాదు, దారిలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో చూడండి.

ఇక ఆరోగ్యం. ఓడలో డాక్టరు ఉంటారు, చిన్న క్లినిక్ ఉంటుంది. ఆపరేషన్ థియేటరు, స్టెంట్ వేసే క్యాత్ ల్యాబ్ లాంటివి ఆశించకండి. గుండెనొప్పి వస్తే ఓడ వెనక్కి తిరగాలి, లేదంటే అంటార్కిటికా పక్కనున్న కింగ్ జార్జ్ దీవిలోని రన్‌వే దాకా చేర్చి విమానంలో చిలీకి పంపాలి. పొగమంచు పట్టిందంటే ఆ విమానం రాదు. అందుకే చాలా కంపెనీలు అత్యవసర తరలింపునకు కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ అడుగుతాయి, కొన్ని అంతకంటే ఎక్కువే అడుగుతాయి. పాలసీలో అంటార్కిటికా పేరు ఉందో లేదో చదవండి. మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంది: ఫారంలో షుగర్, స్టెంట్ రాయకపోవడం. "కొంచెమే కదా, రాస్తే రానివ్వరేమో" అని టెన్షన్. దాచిన జబ్బు అక్కడ తిరగబెడితే క్లెయిము తిరస్కరిస్తారు, ఆ బిల్లు ఇంటిమీద పడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. రోజూ వేసుకునే మాత్రలు ప్రయాణం రోజులకంటే కనీసం వారం ఎక్కువ పెట్టుకోండి. డాక్టరు చీటీలో మందు అసలు పేరు (జెనరిక్ పేరు) రాయించుకోండి, మన బ్రాండ్ పేర్లు అక్కడి డాక్టరుకు తెలియవు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. దాన్ని విమానంలో చెక్-ఇన్ లగేజీలో వెయ్యకండి.

దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికాకూ మధ్యనున్న సముద్రం పేరు డ్రేక్ పాసేజ్. అది దాదాపు 800 కిలోమీటర్ల వెడల్పు. దాటడానికి ఇంచుమించు రెండు రోజులు. ఆ అక్షాంశాల్లో భూమి చుట్టూ గాలికి అడ్డంగా నేలనేదే లేదు కాబట్టి అలలకు అదుపుండదు. మైపాడు, కొత్తపట్నం సముద్రం చూసి వేసుకున్న అంచనాలేవీ అక్కడ పనికిరావు. వాంతుల మాత్ర కడుపు తిప్పడం మొదలయ్యాక వేస్తే నిలవదు, ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించుకునే స్కోపొలమైన్ ప్యాచ్ గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు మంచిది కాదు. వాంతులకన్నా నాకు ఎక్కువ భయం పడిపోవడం గురించే. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీమీద ఉండాలి. తలుపు అంచు పట్టుకోకండి, ఓడ ఒరిగితే తలుపు మూసుకుని వేళ్లు నలుగుతాయి. చేతిలో కాఫీ కప్పుతో మెట్లు దిగడం వద్దు. ఆ సముద్రం అసలే వద్దనుకుంటే చిలీలోని పుంటా అరెనాస్ నుంచి విమానంలో వెళ్లి ఓడ ఎక్కే ప్యాకేజీలు ఉన్నాయి. వాటికి డబ్బు ఎక్కువ, వాతావరణం బాగోకపోతే విమానం ఆలస్యం కావడం మామూలే.

చలి గురించి మన ఊళ్లలో చెప్పుకునేంత భయం అక్కర్లేదు. టూరిస్టు ఓడలు వెళ్లే అంటార్కిటికా ద్వీపకల్పం వైపు వేసవిలో సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బాధపెట్టేది గాలి, తడి. నూలు బనియన్లు తడిస్తే ఆరవు. లోపల థర్మల్స్, పైన ఫ్లీస్, ఆపైన నీళ్లు దిగని జాకెట్. నీళ్లు దిగని ప్యాంటు మరీ ముఖ్యం, చాలామంది మరిచిపోయేదీ అదే. పార్కా (టోపీ ఉన్న మందపాటి కోటు), బూట్లు కొన్ని ఓడలు ఇస్తాయి, కొనేముందు అడగండి. రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్లం కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు. మంచుమీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి. నల్లద్దాలు లేకుండా డెక్ మీదికి వెళ్లొద్దు.

బుక్ చేసేముందు ఓడలో ఎంతమంది పడతారో అడగండి. ఐదొందలకు మించి ప్రయాణికులున్న ఓడల నుంచి ఎవరినీ నేలమీద దించరు. చిన్న ఓడైనా ఒక చోట ఒకేసారి వందమందికి మించి దిగకూడదు. దిగేది జోడియాక్ అనే రబ్బరు పడవలోకి. ఊగుతున్న మెట్లమీద నుంచి అడుగు వెయ్యాలి. సిబ్బంది చేతిని వేళ్లతో కాకుండా మణికట్టు దగ్గర పట్టుకోవాలి, వాళ్లూ మన మణికట్టునే పట్టుకుంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండు మూడు నెలల ముందు నుంచే రోజూ మెట్లెక్కి దిగడం అలవాటు చేసుకోండి.

ఒడ్డున టాయిలెట్ ఉండదు. బీపీకి నీటిమాత్ర వాడేవాళ్లు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడిగి వెళ్లండి. తినేవేవీ ఒడ్డుకు తీసుకెళ్లకూడదు, జేబులో మరమరాలు కూడా. ఆవకాయ, కందిపొడి విషయానికొస్తే, ఇంట్లో చేసినవి అర్జెంటీనా, చిలీ కస్టమ్స్‌లో ఆపే అవకాశం ఉంది. తీసుకెళితే దాచకుండా ఫారంలో రాయండి. 2024లో బర్డ్ ఫ్లూ అంటార్కిటికా ప్రధాన భూభాగం మీద కూడా బయటపడింది కాబట్టి నేలమీద కూర్చోవడం, బ్యాగు కింద పెట్టడం కుదరదు. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరంలో ఉండటం మీ బాధ్యత. అదే నడిచి దగ్గరికొస్తే కదలకుండా నిలబడండి.

ఒకరోజు మంచునీళ్లలో దూకే సరదా పెడతారు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు పక్క క్యాబిన్‌వాళ్లు దూకారని దూకకండి. డెక్ మీద నిలబడి ఫొటోలు తియ్యండి, ఫోను మాత్రం లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి, చలికి బ్యాటరీ చటుక్కున అయిపోతుంది.