రిలాక్సేషన్ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) యాప్‌ని టెస్టర్లకి ఇచ్చే ముందు

– సీనులోని కెమెరాని మీరు కదపకండి, యూజర్ తల తిప్పితేనే దృశ్యం మారాలి. కళ్లకు కనిపించే కదలిక లోపలి చెవికి తెలియకపోతే కడుపులో తిప్పుతుంది. ప్రశాంతత కోసం వచ్చి వికారంతో హెడ్‌సెట్ తీసినవాళ్లు మళ్లీ పెట్టుకోరు. పడవ ప్రయాణం సీను ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

– మెటా వాళ్ల క్వెస్ట్ హెడ్‌సెట్‌లో సెకనుకు 72 ఫ్రేముల కంటే తగ్గకూడదు. హెడ్‌సెట్ వేడెక్కాక చూడండి, అసలు తేడా అప్పుడే తెలుస్తుంది.

– ఇద్దరు కలిసే గది ఉంటే, అవతార్ల మధ్య హద్దు మొదటి నుంచే ఆన్‌లో ఉండాలి. మెటా 2022లో తన వీఆర్ సోషల్ యాప్ హొరైజన్ వరల్డ్స్‌లో సుమారు 4 అడుగుల దూరం పెట్టింది వేధింపుల ఫిర్యాదులు వచ్చాకే. మ్యూట్, ఎగ్జిట్ ఒక్క నొక్కుతో అందాలి. టెన్షన్‌లో ఉన్న మనిషి మెనూలు వెతకలేరు.

– యాప్ చూపించే శ్వాస వేగాన్ని యూజర్ మార్చుకోగలగాలి. అందరికీ ఒకే లయ నప్పదు.

– గొంతు రికార్డింగులు సర్వర్‌లో దాచకండి. మనసు విప్పి చెప్పుకున్న మాటలవి.