బీచ్‌లో రాత్రి బస, జనరేటర్ మోత: తేడా ఎక్కడ, ఏం చెయ్యాలి

కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, మైపాడు. మన తీరంలో శనివారం రాత్రి గుడారం వేసుకుని పడుకోవాలంటే టికెట్ లేదు, గేటు లేదు, పదింటికి వచ్చి లైట్లు ఆపమనే వాచ్‌మన్ లేడు. పోలీసులు గానీ ఊరివాళ్ళు గానీ ఇవాళ వద్దన్నారంటే మాత్రం వద్దంతే, సముద్రం సంగతి వాళ్ళకే తెలుసు. మిగతా రోజుల్లో అడిగేవాళ్ళు ఉండరు. అలాంటి చోట గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, నేను చూసినంతలో, జనరేటర్ దగ్గరే.

మా బ్యాచ్ ఒంగోలు నుంచి కొన్నేళ్ళుగా వెళ్తోంది. మొదట్లో ఒక సప్లయర్స్ షాపు నుంచి అద్దెకు తెచ్చిన జనరేటర్‌తో తీరమంతా లేపాం. ఇప్పుడు సూట్‌కేసంత ఇన్వర్టర్ జనరేటర్ (లోడ్‌ని బట్టి వేగం తగ్గించుకునే పెట్రోల్ రకం) సొంతానికి ఉంది. సగం ట్రిప్పుల్లో అది బండిలోంచి దిగదు. ఆ మధ్యలో తిన్న తిట్ల వల్ల తెలిసినవి ఇవి.

"మాకేం వినపడట్లేదే, ఊళ్ళోవాళ్ళు ఎందుకొచ్చి అడుగుతున్నారు?"

తేడా మెషీన్‌లో లేదు, మీరు కూర్చున్న చోటులో ఉంది. అలలకు ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటే ఆ హోరులో జనరేటర్ మునిగిపోతుంది. గంటసేపు విన్నాక చెవి కూడా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. దిబ్బ అవతల పాలెంలో అలా ఉండదు. అక్కడ అలల హోరు పల్చబడి, మీ డుగడుగ ఒక్కటే పైకి తేలుతుంది. దానికి తోడు సాయంత్రం పూట గాలి సముద్రం మీంచి ఊరివైపు కొడుతుంది, మోతని తీసుకెళ్ళి ఇళ్ళ మీద దించుతుంది. బాగా పొద్దుపోయాక గాలి నేల మీంచి సముద్రం వైపు తిరిగితే, అదే మోత, దాంతోపాటు పొగ, మీ గుడారాల మీదకి వస్తాయి. రాత్రి ఇసుక చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలికన్నా చల్లగా అయితే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం పాకుతుంది. పగలు వినపడని రైలు కూత అర్ధరాత్రి పక్క వీధిలో కూసినట్టు ఉండేది అందుకే.

కాబట్టి జనరేటర్ స్టార్ట్ చేశాక ఒకరు ఊరివైపు నడిచి, మొదటి ఇంటి దాకా వెళ్ళి, రెండు నిమిషాలు ఊరికే నిలబడి వినాలి. ఇంతకు మించిన మీటరు లేదు. అక్కడ వినపడితే చోటు మార్చాల్సిందే.

ఎంత దూరం? ఆరుబయట దూరం రెట్టింపు చేసిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. 7 మీటర్ల దగ్గర 60 ఉన్న మెషీన్ 45కి దిగాలంటే 40 మీటర్ల దూరం కావాలి. అదే 7 మీటర్ల దగ్గర 70 ఉన్న అద్దె మెషీన్ అయితే 125 మీటర్లు. బ్రోచర్లో అంకె చూసి మురిసిపోకండి, దాన్ని చాలాసార్లు పావు లోడ్ మీద కొలిచి ఉంటారు.

అంత దూరం పెట్టకపోవడానికి అందరూ చెప్పే సాకు వైరు. 1.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు 30 మీటర్లు లాగినా, కిలోవాట్ లోడ్ మీద పడిపోయే వోల్టేజీ మూడు నాలుగు వోల్టులే. చుట్ట మాత్రం పూర్తిగా విప్పండి, చుట్టలోనే వదిలేసి లోడ్ లాగితే లోపల వేడెక్కి కరుగుతుంది.

ఇంకో భ్రమ, సర్వి తోపు. చెట్ల వెనక పెడితే శబ్దం ఆగుతుందని మేమూ అనుకున్నాం. సర్వి చెట్లు జనరేటర్ని కంటికి కనపడకుండా చేస్తాయి, అంతే. సన్నటి మొదళ్ళు, మధ్యలో ఖాళీలు, శబ్దం హాయిగా దాటిపోతుంది. కింద ఎండిన ఆకు దుప్పటిలా పరిచి ఉంటుంది కాబట్టి వేడి సైలెన్సర్‌కి అది అసలే చోటు కాదు. ఆపేది ఇసుక దిబ్బ. ఊరికీ మెషీన్‌కీ మధ్య మనిషెత్తు దిబ్బ అడ్డం ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఉన్న దిబ్బ పక్కన పెట్టుకోండి, కొత్తగా తవ్వొద్దు. సైలెన్సర్ మూతి సముద్రం వైపు, మెషీన్ గుడారాలకి వెనకో ముందో కాకుండా తీరం వెంబడి పక్కకి. అప్పుడు గాలి ఎటు తిరిగినా పొగ నేరుగా మీ మీదకి రాదు. గాలి ఎటుందో అగరుబత్తి వెలిగిస్తే చెప్తుంది.

"ఊఁ... ఊఁ... అని పెరుగుతూ తగ్గుతూ ఉంది"

ఒకే తీరుగా నడిచే మోతకి నిద్ర పడుతుంది. లేచి పడే మోతకి పట్టదు, ప్రతి ఊపుకీ మెలకువ వస్తుంది. మెకానిక్కులు దీన్నే హంటింగ్ అంటారు. చాలావరకు కారణం కార్బురేటర్లో జెట్, అంటే పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రం, మూసుకుపోవడం. పోయిన ట్రిప్పు పెట్రోల్ నెలల తరబడి లోపలే ఉండిపోతే జిగురు కడుతుంది. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమని కూడా లాగుతుంది, సముద్రం పక్కన తేమకి కొదవా?

పరీక్ష సులువు. చోక్ సగం మూసి చూడండి. వెంటనే నిలకడగా నడిచిందంటే పెట్రోల్ సరిగ్గా అందట్లేదు, జెట్ శుభ్రం చేయించాలి. ఆ రాత్రికి సగం చోక్ మీద నడిపి త్వరగా ఆపేయండి. ఇంటికొచ్చాక పెట్రోల్ కుళాయి కట్టేసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే కార్బురేటర్ ఖాళీ అవుతుంది, మళ్ళీ ఈ బాధ రాదు.

లోడ్ మాటిమాటికీ మారినా ఇదే తీరు. ఇన్వర్టర్ రకానికి 1500 వాట్ల కెటిల్ తగిలించారంటే ఆన్ అయినప్పుడల్లా రంకె వేస్తుంది. టీ గ్యాస్ స్టవ్ మీద పెట్టుకోండి.

"ఫట్ ఫట్ అని కొడుతోంది"

కొత్తపట్నంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి పాలెం నుంచి ఒక పెద్దాయన టార్చి వేసుకుని వచ్చాడు. తిట్టడానికే అనుకుని మావాళ్ళు ముందే "ఆపేస్తాం బాబాయ్, పది నిమిషాలు" అన్నారు. ఆయన మమ్మల్ని దాటుకుని నేరుగా జనరేటర్ దగ్గరికి పోయి వంగి చూశాడు.

"సైలెన్సర్ నట్టు లూజయ్యింది మీది. మంచం మీద పడుకుంటే వినపడతా ఉంది. పన్నెండు నంబరు స్పానర్ ఉందా?"

మా దగ్గర స్పీకర్ ఉంది, బార్బెక్యూ జాలీ ఉంది, స్పానర్ లేదు. మెషీన్ ఆపించి, చల్లారేలోగా ఆయనే ఇంటికెళ్ళి తెచ్చాడు. ఇంజన్‌కి సైలెన్సర్ అతికే చోట నల్లటి మసి గీత టార్చి వెలుగులో చూపించాడు. "ఈడ గాలి బయటికి తంతా ఉంది." రెండు నట్లు బిగించి స్టార్ట్ చేస్తే మోత ఎంత దిగిందంటే, అప్పుడు గానీ మేం ఎంత గట్టిగా అరుచుకుని మాట్లాడుకుంటున్నామో తెలియలేదు. ఆయన ఆపమని అనలేదు. "మూడింటికి వేటకి పోవాల" అని స్పానర్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మేం వెంటనే ఆపేశాం.

అద్దె మెషీన్ తెచ్చుకునేటప్పుడు షాపు దగ్గరే స్టార్ట్ చేయించి ఆ అతుకు దగ్గర మసి ఉందేమో చూడండి. మసి ఉంటే నట్టు బిగించాలి, లేదా గ్యాస్కెట్ మార్చాలి. సైలెన్సర్ కింద చిన్న చిన్న తుప్పు చిల్లులున్నా ఇదే చప్పుడు. ఉప్పుగాలి దాన్ని తొందరగా తినేస్తుంది. తిరిగొచ్చాక మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడవడం మా ఇంట్లో నా డ్యూటీ.

"బండిలో ఉంచితే ఇంకా ఎక్కువ మోగుతోంది"

ట్రాలీ ఆటో ఇనుప తొట్టిలో పెట్టి నడిపితే తొట్టె మొత్తం డప్పు అవుతుంది. కిందికి దించండి. నేరుగా ఇసుకలో పెట్టినా కుదరదు, అదురుకి ఒక పక్క కుంగి వాలుతుంది, ఆయిల్ తక్కువైందనుకుని సెన్సర్ ఇంజన్ని ఆపేస్తుంది. రెండడుగుల చెక్క, దాని మీద పాత రబ్బర్ మ్యాట్, దాని మీద మెషీన్. గిలగిల చప్పుడు ఇంకా వస్తుంటే ఒక్కో రేకునీ కర్రతో నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే ఆగిందో అక్కడి స్క్రూ లూజు.

"దుప్పటి కప్పాం, అట్టపెట్టె బోర్లించాం"

తీసేయండి, ఇప్పుడే. ఇంజన్‌కి గాలాడక వేడెక్కుతుంది, పెట్రోల్ పక్కన గుడ్డ అంటుకుంటుంది. అడ్డం కావాలంటే ప్లైవుడ్ చెక్కలు మూడు వైపులా మీటరు ఎడంగా నిలబెట్టి, పైభాగం, సైలెన్సర్ వైపు ఖాళీగా వదలండి. చలేస్తుందనో వాన వచ్చిందనో మెషీన్ని గుడారం లోపలికో, గుడారం తలుపు పక్కకో అసలు తేవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, వికారం అనిపించేసరికే మనిషి లేవలేని స్థితికి రావచ్చు.

"ఇద్దరికి సరిపోయే కరెంటే వాడుతున్నాం, మోత మాత్రం పెళ్ళి పందిరంత ఉంది"

నా లెక్కలో అసలు జబ్బు ఇదే, పైవన్నీ దగ్గూ జలుబూ. మామూలు పెట్రోల్ జనరేటర్ 50 సైకిల్స్ కరెంటు ఇవ్వాలంటే నిమిషానికి 3000 తిరుగుళ్ళు తిరగాల్సిందే, ఒక్క బల్బు వేసినా సరే. మూడు కిలోవాట్ల మెషీన్ తెచ్చి మూడు ఫోన్లు చార్జింగ్ పెట్టినా మోత దాదాపు అంతే. ఇన్వర్టర్ రకం మాత్రం లోడ్ తగ్గితే వేగం తగ్గిస్తుంది, అదీ ఎకో స్విచ్ వేస్తేనే. ఆ స్విచ్ వేయడం మర్చిపోయిన యజమానుల్ని చాలామందిని చూశాను, మొదటి ఏడాది నాతో సహా.

ఒకసారి కాగితం మీద రాసుకోండి. రాత్రి పదింటి తర్వాత నిజంగా కావాల్సింది ఏంటి? రెండు టేబుల్ ఫ్యాన్లు కలిపి వంద వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. ఆరు గంటలకి 650 వాట్-అవర్స్ చిల్లర. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1800 ఉంటాయి, సగమే వాడినా ఇది గడిచిపోతుంది. కాకపోతే అది యాభై కిలోల పైమాట, ఇద్దరు మోయాలి, ఒరగకూడదు. 100 ఏహెచ్ లిథియం అయితే పది పన్నెండు కిలోలు, ధర ఎక్కువ. మేం ముగ్గురం కలిసి కొన్నాం. ఆరింటికి వంట మొదలుపెట్టినప్పుడు జనరేటర్ వేసి బ్యాటరీ, ఫోన్లు అన్నీ చార్జింగ్ పెట్టేస్తాం, చేపల పులుసు దిగేసరికి ఆపేస్తాం.

స్పీకర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. జనరేటర్ మోత దాటాలని పాట పెంచుతారు, పాట దాటాలని గొంతు పెంచుతారు. మెషీన్ ఆపితే ఆ రెండూ వాటంతటవే దిగుతాయి.

"మాది ఆపేశాం, పక్క గుడారం వాళ్ళది ఆగట్లేదు"

అర్ధరాత్రి పన్నెండుకి దుప్పటి విసిరికొట్టి వెళ్తే పని కాదు. అప్పటికి మీకు కోపం, వాళ్ళకి మందు, రెండూ తలకెక్కి ఉంటాయి. వాళ్ళు గుడారం కొడుతున్నప్పుడే వెళ్ళి పలకరించండి. "ఆపండి" అని కాకుండా "అన్నా, ఎన్నింటికి ఆపేస్తారు? మాకు చంటిపిల్ల ఉంది, దాన్ని బట్టి పడుకోబెట్టుకుంటాం" అని అడగండి. టైము వాళ్ళ నోటితో చెప్తే పదికి కాకపోయినా పదిన్నరకి ఆగుతుంది. మేం ఇంకో మాట కలుపుతాం: "ఫోన్ల కోసమే అయితే మా బ్యాటరీకి పెట్టుకోండి." ఒకసారి మైపాడులో అలా అడిగితే, లోపల వాళ్ళమ్మగారికి నెబ్యులైజర్ పెట్టాలని చెప్పారు. అది మా బ్యాటరీ మీదే నడిచింది.

వినేరకం కాదనిపిస్తే వాదన పెట్టుకోకుండా మీ గుడారమే వంద మీటర్లు జరపండి. బెదిరింపుల దాకా వస్తే 112.

జనవరి నుంచి మార్చి దాకా ఇంకో పొరుగు ఉంటుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వస్తాయి. ఆ నెలల్లో జనరేటర్‌తో పాటు ఫోకస్ లైట్లు కూడా ఇంట్లోనే వదిలేయండి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగుని బట్టి సముద్రం దారి పట్టుకుంటాయి, మన లైటు చూస్తే ఊరివైపు నడుస్తాయి.

"తెల్లవారుజామున మూడింటికి పక్కనే ఇంజన్ల మోత"

కారణం: వేటకి పోయే బోట్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు వినపడదు. మిగతా నెలల్లో దీనికి పరిష్కారం లేదు. స్టవ్ వెలిగించి టీ పెట్టుకోండి, పాలు మిగిలి ఉంటే ఒక గ్లాసు అటు కూడా ఇవ్వండి.