శబరిమల నుంచి మున్నార్ మీదుగా వచ్చేవాళ్లు నీలగిరి తార్‌ను ఎలా చూడాలి?

మాల వేసుకుని శబరిమల పోయి, తిరుగు ప్రయాణంలో మున్నార్ కూడా పెట్టుకున్నారా? అయితే టీ తోటల్లో ఫోటోలు దిగి వచ్చేయకుండా ఒక పూట ఇరవికుళం నేషనల్ పార్కు కోసం ఉంచుకోండి. అక్కడి రాజమల దగ్గర నీలగిరి తార్ అనే, మేకలా ఉండే అడవి జంతువు కనిపిస్తుంది. కేరళ, తమిళనాడు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవి అది.

ముందు టైం చూసుకోండి. జనవరి, ఫిబ్రవరిల్లో ఇవి ఎక్కువగా ఈనుతాయి కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో పార్కు మూసేస్తారు, అంటే మకరజ్యోతి అయ్యాక మరీ ఆలస్యం చేస్తే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాలి. నల్గొండ, మిర్యాలగూడ వాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, తిరిగొచ్చేటప్పుడు కొచ్చి దగ్గరి ఆలువాలో దిగితే మున్నార్‌కు ఘాట్ రోడ్డు మీద సుమారు నాలుగు గంటలు. పాలమూరు వాళ్లు హైదరాబాద్ వచ్చి ఎక్కాలి. సీజన్‌లో టికెట్ టెన్షన్ ఎలాగూ తప్పదు.

పార్కు గేటు దగ్గర మీ బండి ఆపేసి అటవీశాఖ బస్సులో పైకి పోవాలి. పొద్దున మొదటి బస్సుల్లోనే ఎక్కండి, ఎండెక్కితే మంద మేత ఆపి బండల నీడకు పోతుంది, పైగా మధ్యాహ్నానికి మంచు కమ్మితే పక్కన మనిషి కూడా కనబడడు. అక్కడివాళ్లను అడిగేటప్పుడు ‘వరయాడు’ అనండి, చటుక్కున చెప్తారు.

చూడగానే మేక అనేస్తాం. కానీ 2005లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం దీనికి దగ్గరి చుట్టం గొర్రె. గొర్ల మందల మధ్య పెరిగిన మన గొల్లకురుమలైతే ఏమంటారో వినాలని నాకు భలే ఆశ! ఆడవి బూడిద రంగులో ఉంటాయి. మగవి వయసు పెరిగేకొద్దీ నల్లబడి, నడుము మీద జీను వేసినట్టు తెల్లటి మచ్చ తేలుతుంది, నిండుగా ఎదిగిన పొట్టేలు 80 కిలోలు కూడా దాటుతుంది. కొమ్ములు రెండింటికీ ఉంటాయి కాబట్టి కొమ్ములు చూసి మగదని తేల్చేయకండి.

ఇక ఎక్కడ చూడాలి? గడ్డి మైదానం మొత్తం వెతకొద్దు, గడ్డి ఆగిపోయి రాతి చరియ మొదలయ్యే అంచు పట్టుకుని కళ్లు నడిపించండి. చిరుత, రేసుకుక్కలు వెంటబడితే ఇవి దౌడు తీసి గెలవాలని చూడవు, వాటి కాలు నిలవని చరియ మీదికి దూకుతాయి, గిట్ట అంచు గట్టిగా, లోపలి మెత్త రాతిని పట్టుకునేలా ఉండడం అక్కడే పనికొస్తుంది. అందుకే మేసేటప్పుడు కూడా చరియను వదిలి ఎక్కువ దూరం పోవు. మంద మేస్తుంటే ఎత్తు బండ మీద ఒకటి తలెత్తి కాపలా కాస్తుంటుంది, ముందు దాన్ని పట్టుకోగలిగితే మిగతావి వాటంతటవే కనబడతాయి. అది ఈల వేసినట్టు శబ్దం చేసిందంటే మీరు మరీ దగ్గరికి పోయినట్టే, ఆగిపోండి.

రాజమల తార్‌లు మనుషులకు బాగా అలవాటుపడి రోడ్డు దాకా వస్తాయి. అలాగని బిస్కెట్లు పెట్టొద్దు, సెల్ఫీ కోసం కంచె దాటొద్దు. 2025లో రెండు రాష్ట్రాలూ కలిసి లెక్కపెడితే మొత్తం 2,668 తేలాయి, అంటే మన దగ్గర కొందరు కాపరుల మందలు నాలుగైదు కలిపినంతే ఉండొచ్చేమో! ఇంత తక్కువ మిగలడానికి వేట ఒకటే కారణం కాదు, కొండ గడ్డి మీద తుమ్మ జాతి వాటిల్, నీలగిరి చెట్లు, టీ తోటలు పరుచుకున్నాయి. చెట్లు నాటడం ఎప్పుడూ మంచిదేననుకునే మనకు ఇది కొంచెం మింగుడు పడదు గానీ, గడ్డి పోతే వీటికి మేత లేదు.

గేటు మూసి ఉంటే తమిళనాడు వైపు ప్రయత్నించండి. పొల్లాచ్చి నుంచి వాల్పారై ఎక్కే ఘాట్‌లో 40 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, కింది మలుపుల దగ్గరే రోడ్డు పక్క గోడల మీద తార్‌లు తరచుగా కనిపిస్తాయి. బండి మాత్రం మలుపులో ఆపకండి.